ఏడు చూపిస్తే సరిపోతుందా?

మహదేవపురలో పెద్ద అపార్ట్‌మెంట్ అంటే సెల్లార్‌లోనో, ఆవరణలో ఓ మూలనో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటుంది. అందరూ ఎస్‌టీపీ అంటారు. అక్కడ ఓ రిజిస్టరు. అందులో రాసే అంకెల్లో పీహెచ్ ఒకటి. 7.1, 7.2, మళ్లీ 7.1... నెలంతా ఇదే వరస ఉంటే సంఘం పెద్దలు ‘అంతా బాగుంది’ అనుకుంటారు. నిజానికి అనుమానించాల్సింది అక్కడే.

పీహెచ్ మీటరుకు ఓ చెడ్డ గుణం ఉంది. నీటిలో ముంచే ఎలక్ట్రోడ్ కొసన పల్చటి గాజు బల్బు ఉంటుంది. దానికి పగులు పడితే మీటరు ఆగిపోదు. నిమ్మరసంలో ముంచినా, సబ్బు నీళ్లలో ముంచినా ఏడుకు దగ్గరలోనే చూపిస్తుంది. ఏడు అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. చెడిపోయిన పరికరం చెప్పే మాటా, బాగున్న నీరు చెప్పే మాటా ఒకటే అన్నమాట!

ఇది కొత్త విద్యేమీ కాదు. పీహెచ్ లెక్కను డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ఇచ్చారు. అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో నిమ్మజాతి పండ్ల రసం పులుపు కొలవడానికి మీటరు తయారు చేశారు. మీటర్లు ఎంతో మారాయి. గాజు బల్బు మాత్రం ఇప్పటికీ నాజూకుదే.

అంకె తప్పితే ఏమవుతుంది? ఒక్క పాయింటు తేడా అంటే పది రెట్లు తేడా. మురుగులోని అమోనియాను తినే బ్యాక్టీరియా పనిచేసే కొద్దీ నీటిలో క్షారత ఖర్చయిపోతుంది. పీహెచ్ 6.5 కిందికి జారితే వాటి పని మందగిస్తుంది. క్లోరిన్ సంగతి ఇంకోలా ఉంటుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం క్రిములను గట్టిగా చంపే రూపంలో ఉంటుంది. 8.5కు వెళితే అది పదో వంతుకు పడిపోతుంది. ఆ నీళ్లే ఫ్లష్‌లోకి, పిల్లలు ఆడుకునే లాన్‌లోకి వెళతాయి. మిగిలినవి కాలువ పడతాయి.

ఆ కాలువలు ఎక్కడికి పోతాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. బెళ్లందూరు చెరువులో 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో మంటలు లేచాయి. వర్తూరు రోడ్డు మీదికి నురగ ఎగిరొచ్చింది. అదంతా పీహెచ్ వల్ల కాదు. శుద్ధి కాని మురుగు వల్ల. కానీ శుద్ధి జరిగిందో లేదో చెప్పే తొలి సాక్షి పీహెచ్ మీటరే. సాక్షే అబద్ధమాడితే ఎలా?

కొనేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి. మీటరు మీద వేలు పోసి, ఎలక్ట్రోడ్ దగ్గర పిసినారితనం చూపడం మన అలవాటు. కొలిచేది ఎలక్ట్రోడే. మురుగులో సల్ఫైడ్ ఉంటుంది. అది మామూలు ఎలక్ట్రోడ్ లోపలి వెండితో కలిసి జంక్షన్‌ను నల్లగా పూడ్చేస్తుంది. అందుకే డబుల్ జంక్షన్ రకం అడగాలి. జెల్ నింపినదైతే నిర్వహణ తక్కువ, ఆయుష్షూ తక్కువే. ద్రావణం పోసుకునే రకమైతే లోపలి మట్టం బయటి నీటి కంటే ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు పోసే రంధ్రం తెరవాలి.

కొన్నాక కష్టం తక్కువే. అయినా చేసేవారు అరుదు. ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచకూడదు. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి. గుడ్డతో రుద్దకూడదు, టిష్యూతో అద్దాలి. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయకూడదు. బోరు నీటి సున్నం పేరుకుంటే పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, జిడ్డు పడితే డిటర్జెంట్ నీళ్లలో కాసేపు ఉంచి, కడిగి, మళ్లీ నిల్వ ద్రావణంలో నానబెట్టాలి. బల్బులో గాలి బుడగ ఉంటే జ్వరం చూసే పాత థర్మామీటరులా విదిలిస్తే చాలు.

బతికుందో లేదో తేల్చే పరీక్ష రెండు నిమిషాల పని. మీటరును మిల్లీవోల్టులకు మార్చి, 7 బఫర్‌లో ముంచాలి. సున్నాకు అటూ ఇటూ 30 లోపు ఉండాలి. కడిగి 4 బఫర్‌లో పెట్టాలి. గది వేడిమిలో రెండింటి మధ్య తేడా 177 దరిదాపుల్లో రావాలి. శుభ్రం చేశాక కూడా 160 దాటకపోతే ఆ ఎలక్ట్రోడ్‌కు సెలవివ్వాలి. రెండింటిలోనూ ఒకటే అంకె వస్తే? గాజు పగిలిందో, కేబుల్ తడిసిందో చూడాలి. అంకె నిలకడగా లేకుండా మెల్లగా జారుతుంటే జంక్షన్ మూసుకుపోయినట్టే లెక్క.

ఇదంతా ఆపరేటరు నెత్తిన వేస్తే కుదరదు. తాజా బఫర్లు కొనివ్వనిది సంఘం, నేర్పనిది కాంట్రాక్టరు, తప్పు మాత్రం రాత్రి డ్యూటీ కుర్రాడిదా? అపార్ట్‌మెంట్ సంఘాల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వచ్చే సమావేశంలో ‘పీహెచ్ ఎంత’ అని కాదు, ‘బఫర్‌లో చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, మిల్లీవోల్టులు ఎంత వచ్చాయి’ అని అడగాలి. తనిఖీకి వచ్చే కాలుష్య నియంత్రణ మండలి అధికారులూ రిజిస్టరుకు ముందు బఫర్ సీసా మీది తేదీ చూడాలి.

ఈ నీటి కథ మహదేవపురతో ముగిసిపోదు. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద 2018 నుంచి బెంగళూరు శుద్ధి నీరు కోలారు చెరువులకు చేరుతోంది. ఆ ఏడాదే అక్కడ నురగ కనబడటంతో వ్యవహారం హైకోర్టుకెక్కింది. అక్కడి గట్ల కింద తెలుగు మాట్లాడే రైతులున్నారు. వాళ్ల దగ్గర మీటరు ఉండదు. పైనున్నవాళ్లు రాసిన అంకెను నమ్మడమే. ఆ నమ్మకం నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఏడాదికో, రెండేళ్లకో ఓ ఎలక్ట్రోడ్, వారానికి కొన్ని నిమిషాలు. అది కూడా బరువేనా?