ద్రాక్ష తోట నుంచి వైన్ సీసా దాకా.. డేటా తెగేది ఎక్కడ?

ఫైనలియర్ ప్రాజెక్టుగా నలుగురం కలిసి ఓ యాప్ చేశాం. వైన్ సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ ద్రాక్ష ఏ తోటలో పండిందో చెబుతుంది. బ్లాక్‌చెయిన్ కూడా పెట్టాం. అప్పట్లో అది లేకపోతే ప్రాజెక్టే కాదన్నట్టుండేది. తర్వాత ఓ ఇంటర్వ్యూలో దాని గురించి గొప్పగా చెబుతుంటే ఎదురుగా కూర్చున్నాయన ఒక్కటే అడిగాడు: ‘పురుగుమందు కొట్టిన తేదీ రైతు తప్పుగా ఎక్కిస్తే?’ నా దగ్గర జవాబు లేదు. తప్పుడు తేదీని ఎవరూ మార్చలేనంత భద్రంగా దాచే యాప్ చేశామన్నమాట! ఉద్యోగం రాలేదు.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో మన ద్రాక్ష ఎగుమతులు చూస్తే తెలుస్తుంది. యూరప్‌కు వెళ్లే తాజా ద్రాక్ష కోసం కేంద్ర వాణిజ్య శాఖ కిందున్న అపెడా 2006లో గ్రేప్‌నెట్ మొదలుపెట్టింది. తోట రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టు, ప్యాక్‌హౌస్ వివరాలు, సర్టిఫికెట్.. అన్నీ ఆన్‌లైన్లోనే. సరుకు వివరాలు పట్టుకుని వెనక్కి వెళ్తే తోట దొరుకుతుంది. అయినా 2010లో మన ద్రాక్ష కంటైనర్లు యూరప్‌లో ఆగిపోయాయి. క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే గ్రోత్ రెగ్యులేటర్ అవశేషాలు బయటపడ్డాయి. మనవాళ్లు పరీక్షించే జాబితాలో ఆ రసాయనం లేనే లేదు. సర్వర్ పడిపోలేదు, కోడ్‌లో బగ్ లేదు. అడగాల్సింది ఎవరూ అడగలేదు, అంతే. దెబ్బ మాత్రం రైతు మీద పడింది.

అది తినే ద్రాక్ష సంగతి. వైన్ దగ్గరకొస్తే చిక్కులు ఇంకా ఎక్కువ. (తాగమని చెప్పడం లేదండోయ్!) మన దేశంలో వైన్ అంటే ప్రధానంగా మహారాష్ట్రలోని నాసిక్. జనవరి నుంచి మార్చి దాకా కోతలు. తోటలో తేమ సెన్సర్లు పెట్టొచ్చు, వైనరీలో ట్యాంకుల ఉష్ణోగ్రత నమోదు చేయొచ్చు. అక్కడిదాకా డేటాకు కొదవ ఉండదు. గేటు దాటాకే తెగుతుంది. మద్యం రాష్ట్రాల జాబితాలోది, జీఎస్టీలోనూ లేదు. అందుకే రాష్ట్రానికో లేబుల్ రిజిస్ట్రేషన్, రాష్ట్రానికో పర్మిట్, రాష్ట్రానికో ఎక్సైజ్ పోర్టల్. తెలుగు రాష్ట్రాల్లో సీసా మీద హోలోగ్రామ్ లేబుల్ అంటిస్తారు చూడండి, అది సుంకం కట్టిన అసలు సరుకేనా అన్నది చెబుతుంది. ఏ తోట, ఎంత నీరు వాడారు, దారిలో ఎంత ఎండ తగిలింది అన్నవి దానికి అనవసరం.

కానీ వైన్‌కు ఎండే శత్రువు. మే నెలలో నాసిక్ నుంచి వచ్చిన లారీ హైదరాబాద్ గోదాం ముందు రెండు రోజులు నిలబడితే రుచి దెబ్బతింటుంది. పెట్టెలో చిన్న టెంపరేచర్ లాగర్ పడేస్తే తెలిసిపోతుంది, నిజమే. ఆ రీడింగ్ ఎవరు చూడాలి? పాడైన సరుకు ఎవరి ఖాతాలో పడాలి? ఇది కోడ్‌తో తేలదు, ఒప్పందంలో రాసుండాలి.

ఇక ‘సస్టైనబుల్’ మాట. బ్రోషర్లలో సోలార్ ప్యానెళ్ల ఫొటోలుంటాయి. కానీ వైన్ కార్బన్ లెక్కలో పెద్ద వాటా గాజు సీసాది. డేటాబేస్‌లో సీసా బరువు అనే కాలమ్ లేకపోతే ఆ లెక్క మొదలే కాదు.

యూరప్‌లో 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్‌కు పదార్థాలు, పోషకాల వివరాలు తప్పనిసరి. చాలావరకు క్యూఆర్ కోడ్‌తో ఇవ్వొచ్చు. అయితే ఆ పేజీలో ప్రచారం ఉండకూడదు, స్కాన్ చేసినవాళ్ల డేటా తీసుకోకూడదు. మా యాప్ ముందు ఫోన్ నంబర్ అడిగేది. అక్కడా ఫెయిలే.

ఇంతకీ ఉద్యోగాలెక్కడ? ‘వైన్’ అని వెతికితే పెద్దగా దొరకవు. ఈఆర్‌పీ ఇంటిగ్రేషన్, కంప్లయన్స్ అనలిస్ట్, కోల్డ్‌చెయిన్ డేటా అని వెతకండి. భీమవరం రొయ్యకూ, ఎగుమతయ్యే మామిడికీ ఇదే పని. ఎస్‌క్యూఎల్, ఏపీఐలు గట్టిగా వస్తే మొదలుపెట్టొచ్చు. దాంతోపాటు ఒక్కరోజు ఏదైనా ప్యాక్‌హౌస్‌లో నిలబడి చూడండి. ఆ ఇంటర్వ్యూ తర్వాత నేనదే చేశా. అక్కడ అందరూ ఫారంలో ఆ రోజు తేదీనే కొడుతున్నారు. ఎందుకని అడిగితే తెలిసింది, ఆ యాప్ వెనకటి తేదీ తీసుకోదట.