పరిశీలిస్తామంటే చాలదు, ఎప్పటిలోగానో చెప్పాలి

మండలాఫీసుకో కలెక్టరేటుకో ఒక్కసారైనా దరఖాస్తు పట్టుకొని పోయినవాళ్లకు 'పరిశీలిస్తాం' అనే మాట సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ మాట పడిన కాగితం మళ్లీ లేవదు. సారు ఔననడు, కాదనడు, ఎప్పుడో చెప్పడు. అడిగినవాడి చెప్పులు అరగాలి తప్ప ఫైలు కదలదు.

ఇదే మాటకు చట్టంలో గడువు రాసిపెట్టిన చోటు ఒకటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా. అక్కడ స్థానిక ప్రభుత్వాన్ని 'ఈ పని ఇట్లా దిద్దుకోండి' అని అడిగితే, 'ఇంకా పరిశీలించాలి' అని జవాబు రాసే అధికారి ఏం పరిశీలిస్తాడో, ఎన్నాళ్లు పరిశీలిస్తాడో కూడా అదే కాగితం మీద రాయాలి. ఆ గడువు ఆరు నెలలు దాటొద్దు. ఇంతకీ అడిగేది శాసనసభ్యుడు కాదు, ఆడిటర్ కాదు, వకీలు కాదు. పంతొమ్మిది మంది మామూలు మనుషులు. వాళ్ల కూటమి పేరు సివిల్ గ్రాండ్ జ్యూరీ.

గ్రాండ్ జ్యూరీ అనగానే మన పాఠకులకు 2023లో డొనాల్డ్ ట్రంప్ మీద న్యూయార్క్‌లో జరిగిన నేరారోపణ గుర్తుకు రావచ్చు. అది వేరు. నేరం కేసు విచారణకు నిలబడుతుందా లేదా తేల్చే జ్యూరీ అది. మేము మాట్లాడుతున్నది లెక్కలు చూసే జ్యూరీ గురించి. గ్రాండ్ జ్యూరీ పుట్టింది ఇంగ్లండులో. ఆ ఇంగ్లండే 1933లో దాదాపుగా దాన్ని వదిలించుకుంది. కాలిఫోర్నియా వదల్లేదు. ప్రతి కౌంటీలో ఏడాదికి కనీసం ఒక్కసారి గ్రాండ్ జ్యూరీని కూర్చోబెట్టాలని ఆ రాష్ట్ర రాజ్యాంగమే చెబుతుంది. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. అట్లాంటివి 58 ఉన్నాయి. కోటి మంది దాకా ఉన్న లాస్ ఏంజెలెస్ కౌంటీలో 23 మంది కూర్చుంటారు. 2020 జనాభా లెక్కల్లో పన్నెండు వందల చిల్లర మనుషులున్న ఆల్పైన్ అనే కొండ కౌంటీలోనూ జ్యూరీ ఉండాల్సిందే. ఇరవై వేల లోపు జనమున్న కౌంటీలకు చట్టం పెట్టిన సంఖ్య 11. మిగతా చోట్ల మామూలుగా 19.

చాలా కౌంటీల్లో జూలై 1న కూర్చున్న జ్యూరీ మరుసటి ఏడు జూన్ 30న లేస్తుంది. ఆ ఏడాదిలో వాళ్లు కౌంటీ ఆఫీసుల తలుపు తట్టవచ్చు, మున్సిపాలిటీల దస్త్రాలు అడగవచ్చు, అధికారులను పిలిచి గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేయవచ్చు. నీళ్ల బోర్డులు, అగ్నిమాపక బోర్డులు, దోమల నివారణకో బోర్డు, శ్మశానాల నిర్వహణకో బోర్డు. ఇట్లాంటివి ఆ రాష్ట్రంలో వేలల్లో ఉన్నాయి, వాటికి పన్ను కట్టేవాళ్లకే చాలామందికి వాటి పేర్లు తెలియవు. అవి కూడా జ్యూరీ చూపు కిందికి వస్తాయి. కోర్టులు రావు, రాష్ట్ర సర్కారు శాఖలు రావు, ప్రైవేటు కంపెనీలు రావు. ఒక్క పని మాత్రం ఇష్టం మీద వదల్లేదు: కౌంటీ హద్దుల్లో ఉన్న జైళ్లు ఎట్లా ఉన్నాయో, ఎట్లా నడుస్తున్నాయో ఏటా విచారించి తీరాలి. నిన్నటిదాకా బడిలో పాఠం చెప్పినాయన, బ్యాంకులో పనిచేసి రిటైరైనామె జైలు గదుల వరసలో నడుచుకుంటూ పోయి పడకలు, వంటశాల, వైద్యం గది చూసి వస్తారు. మన దగ్గర జైలు లోపలికి మామూలు మనిషి పోవాలంటే ఖైదీగానైనా పోవాలి, ములాఖత్‌కైనా పోవాలి.

విచారణంతా గుట్టుగా సాగుతుంది. ఎవరు వచ్చి ఏం చెప్పారో బయటికి పొక్కకూడదు. చివరికి పంతొమ్మిది మందిలో పన్నెండు మంది ఒప్పుకుంటేనే నివేదిక. అది కౌంటీ ప్రధాన న్యాయమూర్తి చేతి మీదుగా జనంలోకి వస్తుంది. ఇక్కడిదాకా అయితే మేము ఈ సంపాదకీయం రాసేవాళ్లం కాదు. నివేదికలకేం కరువు? మన సచివాలయాల అల్మారాల్లో ఎన్ని కమిషన్ల నివేదికలు చెదలకు మేతయినాయో లెక్కపెట్టాలంటే ఇంకో కమిషన్ వేయాలి.

అసలు ముచ్చట ఆ తర్వాతే ఉంది. నివేదిక వచ్చినాక ఎన్నికైన అధికారి అయితే 60 రోజుల్లో, కౌంటీ పాలకమండలో నగర మండలో అయితే 90 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. మొత్తానికి కలిపి ఒక ధన్యవాదాల ఉత్తరం పంపితే సరిపోదు. జ్యూరీ తేల్చిన ఒక్కొక్క విషయానికీ ఒప్పుకుంటున్నారా, లేదా, పాక్షికంగానా, ఎందుకు అన్నది రాయాలి. ఒక్కొక్క సిఫారసుకూ నాలుగు జవాబుల్లో ఏదో ఒకటే చెప్పాలి. చేసేశాం, ఇదిగో ఇట్లా చేశాం. ఇంకా చేయలేదు, ఫలానా సమయానికి చేస్తాం. పరిశీలించాలి, ఆరు నెలల లోపు ఫలానా గడువు. చేయం, ఎందుకంటే ఇదీ కారణం.

ఆ నాలుగో జవాబు మాకు మిగతా వాటికన్నా నచ్చింది. కుదరదని చెప్పే హక్కు అధికారికి ఉండాలి. జ్యూరీలో కూర్చున్నవాళ్లకు అన్నీ తెలుసని ఎవరన్నారు? ఏడాది పాటు చూసి ఒక శాఖ లోతు పట్టుకోవడం అంత తేలిక కాదు. తప్పు కూడా రాస్తారు. కాని కుదరదన్న మాట కారణంతో సహా కాగితం మీద పడితే, ఆ కారణం నిలుస్తుందో లేదో ఊరు చూసుకుంటుంది. మన సర్కార్లకు రాని విద్య ఇదే. కాదనరు, చేయరు.

మన దగ్గర ఏమీ లేదని కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ముప్పై రోజుల గడువు పెట్టింది. అది ఉన్న కాగితం ఇస్తుంది. ఆ కాగితంలో తప్పుంటే ఏం చేస్తారో చెప్పమనదు. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన సామాజిక తనిఖీ ఇంకో అడుగు ముందుకు వేసింది. మస్టర్ రోలు ఊరి నడుమ పైకి చదివి, 'ఈ పని నువ్వు చేశావా, ఈ పైసలు నీకు ముట్టినయా' అని కూలినే అడగడం చిన్న సంగతి కాదు. కాని అది ఒక పథకానికే. కలెక్టరాఫీసు మొదలు జిల్లా జైలు దాకా ఏ తలుపైనా తట్టే అధికారం, గడువులోగా జవాబు రాబట్టే అధికారం మన ఏ ఊరి మనుషులకూ లేదు.

మరి అక్కడ అది పనిచేస్తోందా? శాంటా క్లారా కౌంటీ చూద్దాం. సన్నీవేల్, శాన్ హోసే, శాంటా క్లారా నగరాలున్న కౌంటీ అది. మన పిల్లలు పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ కంపెనీల గడ్డ. అక్కడి షెరీఫ్ లారీ స్మిత్. షెరీఫ్ అంటే మన ఎస్పీ లాంటి పదవి, కాకపోతే ఓట్లతో గెలవాలి. 1998లో గెలిచి, కాలిఫోర్నియాలో ఆ పదవికి ఎన్నికైన తొలి మహిళగా చరిత్రకెక్కింది. ఇరవై ఏండ్లకు పైగా ఆమెను కదిలించినవాళ్లు లేరు. 2021 డిసెంబరులో సివిల్ గ్రాండ్ జ్యూరీ ఆమె మీద అవినీతి, ఉద్దేశపూర్వక దుష్ప్రవర్తన ఆరోపణలు దాఖలు చేసింది. తుపాకీ దగ్గర పెట్టుకొని తిరిగే అనుమతులను పలుకుబడి ఉన్నవాళ్లకు ఇచ్చి మామూలు దరఖాస్తులను మూలన పడేసిందన్నది వాటిలో ముఖ్యమైనది. మానసిక అనారోగ్యంతో ఉన్న ఒక ఖైదీ 2018లో జైలు వ్యానులో తీవ్రంగా గాయపడ్డాడు. కౌంటీ కోటి డాలర్లు పరిహారం కట్టింది. ఆ సంగతి మీద జరిగిన విచారణకు సహకరించలేదన్నది ఇంకో ఆరోపణ. కేసు మరో జ్యూరీ ముందుకు విచారణకు వెళ్లింది. తీర్పు రాబోతుండగా 2022 అక్టోబరు చివర ఆమె రాజీనామా చేసింది. నవంబరు మొదట్లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఇట్లాంటి కేసులో పడే శిక్ష ఒక్కటే, పదవి నుంచి తొలగింపు. పదవి ముందే పోయింది. అయినా ఎన్నికైన పోలీసు అధిపతిని మామూలు మనుషులు గద్దె దింపగలిగారంటే ఆ చట్టానికి పళ్లున్నట్టే.

అదే కౌంటీలో 2022 అక్టోబరులో ఇంకో నివేదిక వచ్చింది. శాంటా క్లారా నగర మండలిలో మెజారిటీ సభ్యులు ఫార్టీ నైనర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు చెప్పినట్టు నడుచుకుంటున్నారని దాని సారాంశం. జనంలోకి రాకముందు సంబంధిత పాలకమండలికి నివేదిక చూపిస్తారు, అది బయట పెట్టకూడదు. నగర మండలి సభ్యుడు ఆంథొనీ బెకర్ దాన్ని ముందే క్లబ్బు మనిషికి చేరవేశాడు. పైగా ఆ లీకు మీద విచారణలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు. 2024 డిసెంబరులో న్యాయస్థానంలో దోషిగా తేలాడు. అవతలి పక్షం సంగతి కూడా రాయాలి. ఎన్నికలకు కొద్ది వారాల ముందు ఇట్లాంటి నివేదిక రావడం రాజకీయమేనని ఆ సభ్యుల వైపువాళ్లు వాదించారు. గుట్టుగా విచారించే ఏ సంస్థ మీదైనా ఈ అనుమానం వస్తుంది. దానికి జవాబు విచారణ సమయంలో గుట్టు తగ్గించడం కాదని, నివేదిక ఎప్పుడు బయటికి రావాలో ముందే కట్టడి చేయడమని మా అభిప్రాయం.

ఇక గొప్పలు ఆపి బొక్కలు చూద్దాం. 1994 డిసెంబరులో ఆరెంజ్ కౌంటీ దివాలా తీసింది. ఖజానా అధికారి రాబర్ట్ సిట్రన్ జనం సొమ్మును జూదం లాంటి పెట్టుబడుల్లో పెట్టి దాదాపు 160 కోట్ల డాలర్లు పోగొట్టాడు. తర్వాత గ్రాండ్ జ్యూరీ ఇద్దరు పాలకమండలి సభ్యుల మీద ఆరోపణలు తెచ్చింది. పైకోర్టు 1996లో కొట్టేసింది. కళ్లు మూసుకొని కూర్చోవడం వేరు, కావాలని తప్పు చేయడం వేరు అన్నది ఆ తీర్పు సారం. చట్టంగా అది సరైందే కావచ్చు. కళ్లు మూసుకున్నవాళ్ల వల్ల మునిగిన జనానికి ఆ తేడా ఏం ఓదార్పు ఇస్తుంది?

లాస్ ఏంజెలెస్ కౌంటీలో బెల్ అనే చిన్న ఊరుంది. వలస కూలీల ఊరు, బీదది. అక్కడి నగర మేనేజరు రాబర్ట్ రిజ్జో ఏటా ఎనిమిది లక్షల డాలర్లకు దగ్గర జీతం తీసుకుంటున్నట్టు 2010లో బయటపడింది. ఆ కౌంటీలో ఏటా 23 మంది జ్యూరీ కూర్చుంటూనే ఉంది, 88 నగరాలను చూడాలి. బెల్ గుట్టు విప్పింది మాత్రం లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు. పత్రిక నడిపేవాళ్లం కనుక ఈ మాట కొంచెం గట్టిగానే రాస్తున్నాం.

ఇవి కాక యంత్రంలోనే ఒక లోపం ఉంది. నివేదికలు చాలావరకు జ్యూరీ ఏడాది చివర్లో, మే జూన్ నెలల్లో వస్తాయి. 90 రోజులు లెక్కపెట్టండి. జవాబు వచ్చే సరికి సెప్టెంబరు. అడిగిన జ్యూరీ అప్పటికే ఇంటికి పోయింది! 'ఫలానా గడువుకు చేస్తాం' అని రాసినవాళ్లను ఆ గడువు దాటినాక అడిగేదెవరు? కొత్త జ్యూరీకి మనసుంటే అడుగుతుంది, లేకుంటే తన సొంత నివేదికల పనిలో పడుతుంది. పాత సిఫారసుల అమలును కొత్త జ్యూరీ చూసి తీరాలన్న నిబంధన వస్తే తప్ప ఈ నాలుగు జవాబుల పద్ధతి సగం ఉత్తదే. సిఫారసు చేయమని చెప్పగలరు, చేయించలేరు. కనీసం మాట తప్పారని ఊరికి చెప్పేవాళ్లయినా ఉండాలి కదా.

రెండోది కూర్చునేవాళ్లెవరన్నది. రాష్ట్ర చట్టం ఇచ్చే భత్యం రోజుకు 15 డాలర్లు, దారి ఖర్చులు అదనం. కొన్ని కౌంటీలు సొంతంగా పెంచుకున్నాయి. ఏడాది పాటు వారంలో కొన్ని రోజులు రమ్మని, చేతిలో పదిహేను డాలర్లు పెడితే హోటల్లో గిన్నెలు కడిగేవాడు వస్తాడా? టాక్సీ నడిపేవాడు వస్తాడా? పింఛను వచ్చేవాళ్లు, సొంత ఇల్లున్నవాళ్లు వస్తారు. వాళ్ల చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. కాని ఉచిత వైద్యశాల వరసలో ఎన్నడూ నిలబడని మనిషికి ఆ వరస ఎందుకు కదలడం లేదన్న ప్రశ్న పుట్టడం కష్టం. జనంతో పని చేయించుకునే సర్కారు జనానికి కూలి ఇవ్వాలి. జీతం తీసుకునే అధికారిని జీతం లేని మనిషి ఏడాదంతా నిలదీయాలనడం ఎక్కడి న్యాయం?

మూడోది మనవాళ్లను తాకేది. జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా పౌరులై ఉండాలి, పద్దెనిమిదేండ్లు నిండాలి, ఆ కౌంటీలో ఏడాదిగా నివాసముండాలి, ఇంగ్లీషు తగినంత రావాలి. వీసాల మీద బతుకుతూ గ్రీన్ కార్డు కోసం ఏండ్లకేండ్లు వరసలో ఉన్న తెలుగు ఇంజనీరు ఇంటి పన్ను కడతాడు, కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను కడతాడు, పిల్లలను సర్కారు బడికే పంపుతాడు. ఆ బడి బోర్డు లెక్క చూసే కుర్చీ మాత్రం అతనికి లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లకు ఉంది. మన సంఘాల పండుగ సభలకు కాలిఫోర్నియాలో హాళ్లు సరిపోవు. ఆ సభల్లో ఒక్క పది నిమిషాలు ఈ జ్యూరీ దరఖాస్తు గురించి చెప్పమని సంఘం పెద్దలను అడుగుతున్నాం.

పౌరసత్వం లేనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. కౌంటీ ఆఫీసుతోనో నగర ఆఫీసుతోనో ఇబ్బంది పడినవాళ్లు గ్రాండ్ జ్యూరీకి ఫిర్యాదు రాయవచ్చు. ఏ ఆఫీసు, ఏ తేదీ, ఎవరిని కలిశారు, ఏం చెప్పారు, దగ్గరున్న కాగితాల నకళ్లు. ఇవి ఉంటే చాలు. రాసినవాళ్ల పేరు జ్యూరీ గోప్యంగా ఉంచుతుంది. ప్రతి ఫిర్యాదూ విచారణ దాకా పోదు, ఏది తీసుకోవాలో జ్యూరీ ఇష్టం. జూలైలో కొత్త జ్యూరీ కూర్చున్న తొలి నెలల్లో రాస్తే వాళ్ల చేతిలో ఏడాదంతా ఉంటుంది. వచ్చే వేసవిలో రాస్తే వాళ్లు లేచిపోయే వేళ అవుతుంది.