బొగ్గు పాఠానికి ఏ పుస్తకం?

చిల్లకల్లు: కరెంటు ఎక్కడినుండి వస్తుందని బడిపిల్లవాడిని అడిగితే స్తంభం చూపిస్తాడు. తప్పు వాడిది కాదు. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు తరిగిపోయే ఇంధనాలని అప్పజెప్పించి వదిలేస్తే అంతకన్నా ఏం చెబుతాడు?

ఈ పాఠానికి తోడుగా చదివించే పుస్తకాలను ఉపాధ్యాయులు కొంచెం చూసి ఎంచుకోవలసి ఉన్నది. ఎక్కడో విదేశపు గనితో మొదలయ్యే పుస్తకం ఇక్కడి పిల్లలకు పట్టదు. హైవే మీద నందిగామ, కంచికచర్ల దాటితే ఇబ్రహీంపట్నంలో 1979 నుండి థర్మల్ కేంద్రం నడుస్తున్నది. దానికి సింగరేణి నుండీ, ఒడిశాలోని తాల్చేరు నుండీ రైళ్లపై బొగ్గు వస్తుంది. జగ్గయ్యపేట చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకూ బొగ్గే కావాలి.

లెక్క చూపే పుస్తకం మరీ మంచిది. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. పావుకిలో దాకా బూడిద మిగులుతుంది. దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ముప్పాతిక కిలో కూడా లేని బొగ్గు నుండి కిలో వాయువు ఎట్లా వచ్చిందని ఏ పిల్లవాడైనా లేచి అడిగితే ఆనాటి పాఠం ఫలించినట్లే. గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలవడం వలన బరువు పెరుగుతుంది. ఇంటికి వచ్చే కరెంటులో నీటిదీ, ఎండదీ, గాలిదీ కూడా ఉంటుందని ఆ పుస్తకమే చెప్పాలి.

కాలం సంగతి చెప్పడం మరింత కష్టం. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం రెండువేల ఏళ్ల నాటిదని పిల్లలకు తెలుసు. సింగరేణి బొగ్గు వయసు సుమారు 25 కోట్ల ఏళ్లు. అంటే ఆ రెండువేల ఏళ్లు లక్షా పాతికవేల సార్లు గడవాలి. కాల్చిన బొగ్గు మళ్లీ పుట్టదనే మాట అప్పుడు బుర్రకెక్కుతుంది.

ఫలానా ఏటికి బొగ్గు అయిపోతుందని ఒకే అంకె వేసి బెదిరించే పుస్తకం మాత్రం వద్దు. ఏటా ఎంత తవ్వుతారు, కొత్తగా ఎంత కనుగొంటారు అన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. బొగ్గు అమ్మేవారి కరపత్రంలో వెలుగే ఉంటుంది. సోలారు పలకలు అమ్మేవారి కరపత్రంలో పొగే ఉంటుంది. పెద్ద తరగతులలో రెండూ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. బొగ్గును ఉత్త దుర్మార్గపు వస్తువుగా చిత్రించే పుస్తకం, బొగ్గు లారీ తోలే తండ్రిగల పిల్లవాడి ముందు ఉంచదగినది కాదు. వాడి అన్నం ఆ లారీ మీదనే వస్తున్నది. ఆ పొగ పీల్చేదీ వాడి ఇంటివారే. రెండూ చెప్పే పుస్తకం కావాలి.

అచ్చయిన సంవత్సరం కూడా చూడాలి. సింగరేణి 2014 నుండి తెలంగాణలో ఉన్నది. చిల్లకల్లు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది.

కొనేముందు ఒక పేజీ పిల్లలచేత పైకి చదివించి చూడటం మంచిది. రెండో వాక్యానికే కిటికీవైపు చూస్తే ఆ పుస్తకం దుకాణానికే తిరిగి పంపవచ్చు.