కట్టమీది నడక

పల్నాటి సీమలో ప్రకృతిని చూడబోవడమంటే ఎక్కడమో దిగడమో అనే భావం మనలో స్థిరపడిపోయింది. కోటప్పకొండకు మెట్లెక్కుతాము. గుత్తికొండ బిలంలోకి దిగుతాము. మాచర్ల దాటి ఎత్తిపోతలకు పోయి, చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకే చోట నిలిచి లోయలోకి తొంగి చూస్తాము. రాతిసీమ గనుక ఇది సహజమే. అయితే ఈ అలవాటువల్ల సమతలమైన నేలమీద, నీటి ఒడ్డున, ఆయాసం లేకుండా సాగే నడక మన లెక్కలో విహారమే కాకుండా పోయింది. చెరువుకట్టమీద నడవడం పొలానికి పోయేవాని పని అనుకుంటాము. అక్కడ చూడవలసినదేమున్నదని అడుగుతాము. చూడవలసినది చాలా ఉన్నదనీ, అటువంటి నడకకు తావు కల్పించడం పక్షులకే కాక చెరువులకు కూడా రక్ష అనీ నా అభిప్రాయం.

నరసరావుపేటనుండి గుంటూరు సుమారు 45 కిలోమీటర్లు. గుంటూరుకు చేరువలో, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు అనే గ్రామమున్నది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు వేరు జిల్లా అయినప్పుడు ఈ గ్రామం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది గాని, పల్నాటివారికి అది పొరుగూరే. ఆ ఊరి చెరువు పెద్దది కాదు. దానిని చూసి ఎవరూ మహాసరస్సు అనరు. అయినా నీటి నడుమనున్న సర్కారు తుమ్మచెట్లమీద, వాటికి తోడుగా మనుషులు పాతిన ఇనుప స్టాండ్లమీద చలికాలంలో వేలాది పక్షులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుతాయి. అడవిలో కాదు, ఇళ్ళకు ఆనుకొని, మనుషుల మాటలు వినబడే దూరంలో పెంచుతాయి. ఆ ఊరివారు వాటిని కొట్టరు, వేటగాండ్రను రానివ్వరు. పక్షులకు ఈ సంగతి తెలిసినట్లే ఉంటుంది.

కట్టమీద నాలుగడుగులు వేసి ఆగితే ముందుగా కనబడేది గూడబాతు. బూడిదవన్నె దేహము, పొడవైన ముక్కు, దాని క్రింద వేలాడే తోలుసంచి. తల్లి చేపలు పట్టుకొని వచ్చి వాలగానే పిల్ల తన తలను తల్లి నోటిలోకి దాదాపు మెడవరకు దూర్చి ఆహారం తీసుకుంటుంది. మొదటిసారి చూసినవారికి తల్లి పిల్లను మింగుతున్నదేమోనన్న భయం కలుగుతుంది! ప్రక్క కొమ్మమీద పసుపుపచ్చని ముక్కు, తోకవైపు గులాబివన్నె ఈకలు గల ఎర్రకాళ్ళ కొంగ నిలిచి ఉంటుంది. కొడవలివలె వంగిన నల్లని ముక్కుగల తెల్లని ఐబిస్ పక్షులు గుంపులుగా ఉంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా రెండు దవడల నడుమ సందు మిగిలే ఉంటుంది. నత్తలను పట్టి తినడానికి అనువైన ముక్కు అది. చేపలకోసం మునిగి లేచిన నీటికాకి రెక్కలు చాచి ఎండలో ఆరబెట్టుకుంటుంది.

ఇవన్నీ కొండ ఎక్కుతూ చూడగలిగినవి కావు. కొండదారిలో మనిషి చూపు తన కాలిమీదనే ఉంటుంది. రాయి జారునేమో, మెట్టు తప్పునేమో అనే జాగ్రత్తలో తల ఎత్తే అవకాశమే తక్కువ. చదునైన కట్టమీద కాళ్ళకు కాపలా అక్కరలేదు గనుక కన్ను, చెవి స్వేచ్ఛగా పనిచేస్తాయి. అంతకన్న ముఖ్యమైనది మరొకటున్నది. మోకాళ్ళ నొప్పులతో కొండమెట్ల క్రిందనే కూర్చుండిపోయే అమ్మమ్మ ఇక్కడికి రాగలదు. చేతికర్ర ఊతగా నడిచేవాడు రాగలడు. దారి గట్టిగా, గుంతలు లేకుండా ఉంటే చక్రాల కుర్చీ కూడా వస్తుంది. ప్రకృతి దర్శనం బలమైన కాళ్ళున్నవారి సొత్తు కావడం న్యాయం కాదు. మన ప్రాంతంలో ఆ అన్యాయాన్ని సులభంగా తొలగించగల తావులు చిత్తడి నేలలే.

ఏడాదిలో కొంతకాలమైనా లోతులేని నీరు నిలిచే నేలను చిత్తడి నేల అంటారు. చెరువులు, మడుగులు, కొల్లేరు వంటి సరస్సులు ఈ కోవలోనివే. అవి వరదనీటిని పట్టి ఉంచుతాయి, భూగర్భజలాన్ని పెంచుతాయి, చేపకూ పక్షికీ ఆధారమవుతాయి. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్ దేశపు రామ్‌సర్ పట్టణంలో వీటి రక్షణకై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఆ తేదీనే చిత్తడి నేలల దినంగా పాటిస్తున్నారు.

మనుషులను రానివ్వకపోతేనే పక్షులకు క్షేమం కదా అని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజమున్నది. గూటిమీది పక్షి బెదరి లేచినప్పుడు గుడ్లు ఎండ పాలవుతాయి, కాకుల పాలవుతాయి. కాబట్టి దారి గూళ్ళవైపు పోరాదు. వాటికి దూరంగా, ఒడ్డుకు సమాంతరంగా సాగాలి. పక్షికి ఎదురుగా వచ్చే మనిషికీ, ప్రక్కగా సాగిపోయే మనిషికీ ఎంతో తేడా ఉన్నది. గూళ్ళు మరీ దగ్గరగా ఉన్న భాగాన్ని ఆ కొద్ది నెలలు మూసివేయవచ్చు. ఆ కాలంలో గూళ్ళ నడుమ పడవలు తిప్పడం నాకు సమ్మతం కాదు. పక్షిని దగ్గరగా చూపిస్తామని పక్షినే తరిమివేసే సంబరమది.

కాని మనుషులను పూర్తిగా దూరం చేయడంలోనూ ప్రమాదమున్నది. కొల్లేటి కథ చూడండి. ఆ సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ ప్రకటనలు కాగితాలమీద ఉండగానే సరస్సు గర్భమంతా చేపల చెరువుల గట్లతో గళ్ళు గళ్ళుగా మారింది. చివరకు 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగగొట్టవలసి వచ్చింది. అక్కడివారి బ్రతుకుతెరువు ప్రశ్న వేరుగా ఉన్నది; దానిని తేలికగా తీసివేయలేము. అయినా ఒక సంగతి స్పష్టం. పదిమంది నిత్యమూ నడిచే ఒడ్డున ఒక గట్టు లేచినా, ఒక బండెడు చెత్త పడినా ఆ సాయంత్రానికే ఊరికి తెలుస్తుంది. ఎవరూ నడవని ఒడ్డు ఎప్పుడు మాయమైనదో కూడా ఎవరికీ తెలియదు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల వనం ఈ విషయంలో మంచి ఉదాహరణ. 29 చదరపు కిలోమీటర్ల ఆ వనం 1982లో జాతీయ ఉద్యానమైంది. మడుగుల నడుమ చదునైన గట్లమీద నడిచి, సైకిలెక్కి, రిక్షాలో కూర్చుండి జనం పక్షులను చూస్తారు. రిక్షా త్రొక్కేవారే పక్షుల పేర్లు చెప్పి చూపించేలా శిక్షణ పొందారు. పక్షి ఉంటేనే తమకు కూలి అని తెలిసినవారిని మించిన కాపలాదారు ఎవరు? కాని ఆ వనమే మరొక పాఠమూ చెబుతున్నది. ఎగువనున్న పాంచనా ఆనకట్టనుండి నీరు రాని సంవత్సరాలలో మడుగులు ఎండి, పక్షులు పలచబడ్డాయి. నీరు లేకుంటే ఎంత చక్కని దారి ఉన్నా అది వట్టి దారే.

ఇక పల్నాటి విషయం. ఈ సీమ రాళ్ళనూ జొన్నకూటినీ ఎత్తిపొడిచే చాటువులు శ్రీనాథుని పేర నేటికీ ప్రచారంలో ఉన్నాయి. ఆ మహాకవికి ఇక్కడ మంచినీళ్ళు దొరికి ఉంటే కొన్ని పద్యాలు మనకు దక్కేవి కావేమో! నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కుడికాలువకు నీరు వచ్చిన తరువాత సీమ రూపు మారింది. నేడు అనేక గ్రామాల మంచినీటి చెరువులను నింపేది ఆ కాలువే. ఇక్కడ ఒక చిక్కున్నది. మంచినీటి చెరువును పక్షులకు వదలమనడం భావ్యం కాదు; వేల పక్షుల రెట్ట పడిన నీటిని త్రాగమని ఏ ఊరికీ చెప్పలేము. నేననేది రెండవ చెరువును గురించి. సాగునీటికి వాడేదో, వాడుక తగ్గి తూడు పట్టినదో అయిన చెరువు చాలా ఊళ్ళలో ఉంటుంది. దాని కట్ట ముళ్ళకంపలతో మూసుకొని ఉంటుంది, లేదా చెత్తకుప్పగా ఉంటుంది. ఆ కట్టను బాగుచేసి, నీడకు నాలుగు చెట్లు నాటి, కూర్చుండడానికి రెండు అరుగులు కట్టి, నీటిలోని చెట్లను నరకకుండా వదిలితే చాలు. సిమెంటు గోడలు, రంగు దీపాలు, మైకులు పెట్టి దానినే అభివృద్ధి అని పిలవడం మనకు అలవాటైపోయింది. ఒడ్డంతా సిమెంటు చేస్తే కొంగ కాలు మోపి మేత వెదకే బురద మిగలదు. బుగ్గవాగు జలాశయపు అంచుల వంటి చోట్లనూ ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

దీనివల్ల రైతుకేమి లాభమని అడగవచ్చు. తమిళనాడులోని వేడందాంగల్ గ్రామస్థులు దీనికి ఏనాడో సమాధానం చెప్పారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు ఎరువని గుర్తించి, తుపాకీ వేటను మాన్పించవలసిందిగా పద్దెనిమిదో శతాబ్ది చివరలోనే కంపెనీ అధికారులను ఒప్పించి హక్కు పొందారు. పక్షులమీద దయ ఉండవచ్చు. అంతకుమించి వారికి వరిచేల లెక్క తెలుసు.

కళాశాల విహారయాత్ర అనగానే దూరపు ఊళ్ళ పేర్లు చెప్పే విద్యార్థులు ఒకసారి ఉప్పలపాడు సంగతి ఆలోచించాలి. కార్తికం నుండి ఫాల్గుణం వరకు అనువైన కాలం. ముదురురంగు బట్టలు కాక, మట్టివన్నెవో ఆకువన్నెవో ధరించడం మేలు. సెల్‌ఫోనులో పాటలు పెట్టరాదు. పక్షులకు తినుబండారాలు విసరరాదు. ఎండ ముదరకముందు గాని, ప్రొద్దు వాలిన తరువాత గాని వెళ్ళాలి. ఇంట్లో పెద్దవారుంటే వారిని కూడా వెంటబెట్టుకొని పోవచ్చు, వారి అడుగుకు సరిపడా మెల్లగా నడవచ్చు. మేతకు పోయిన గూడబాతులు సాయంకాలం బారులు తీరి తిరిగివస్తాయి. ఆ వేళకు కొన్ని నీటికాకులు ముందుగానే చేరి మంచి కొమ్మలు ఆక్రమించుకొని ఉంటాయి.