విమానప్రమాదమును విధివ్రాత యనవచ్చునా?

1976వ సంవత్సరము అక్టోబరు 12వ తేదిని, అర్ధరాత్రము దాటిన పిమ్మట, బొంబాయి శాంతాక్రజ్ విమానాశ్రయమునుండి చెన్నపట్టణమునకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కారవెల్ విమానము కొలఁది నిమిషములలోనే మంటలపాలై నేలఁ గూలెను. అందున్న 95 మందిలో నొక్కరును బ్రతుకలేదు. మలయాళ చలనచిత్రనటి రాణీచంద్ర యందే మరణించెను.

మొదట నా ప్రయాణమునకు నిర్ణయింపఁబడినది బోయింగు విమానము. అది చెడిపోఁగా దానికి బదులు కారవెల్‌ను దెచ్చిరి. ఈ సంగతి చెప్పినంతనే మనవారు “వారి నుదుట నట్లు వ్రాసియున్నది” అని నిట్టూర్చి యూరకుందురు. నెమలిలో నరుగులమీఁద నేమి, తిరువూరు బస్సులలో నేమి, ఏ ప్రమాదమును గూర్చి యైనను నేను వినునది యీ మాటయే. ఇది నాకు సమ్మతము గాదు.

విచారణలోఁ దేలిన దేమి? కారవెల్‌కు తోఁకయొద్ద నిరుప్రక్కల రెండు ఇంజనులుండును. గాలిని నొక్కి లోనికిఁ బంపు చక్రములు వానిలో వరుసగా నమర్పఁబడియుండును. కుడి యింజనులోని పదవ వరుస చక్రమునకు పగులు వచ్చియుండెను. బాలురారా, యొక యినుపతీఁగను మాటిమాటికి నిటునటు వంచి చూడుఁడు. ఎంత గట్టిదైనను తుదకు విఱుగును. లోహమునకును అలసట గలదు. ఆ చక్రము బ్రద్దలై, దాని తునుకలు పైతొడుగును చీల్చుకొని వెడలి, ఇంధనపు గొట్టములను దెగఁగోసెను. కారిన యింధనము మండెను. చోదకుఁడు విమానమును వెనుకకు మరల్చి దిగుటకు వచ్చుచునే యుండెను. అయితే ఆ విమానపు చుక్కానులను కదల్చునది గొట్టములలోని నూనెయొక్క యొత్తిడి. అగ్ని దానిని హరించినతోడనే చోదకుని చేతిలోని పిడి వట్టి కఱ్ఱ యయ్యెను. రన్వే చేరువలో నుండఁగనే యంతయు ముగిసెను.

ఇందు చక్రమున్నది, పగులున్నది, గొట్టమున్నది, నూనె యున్నది. విధి యెక్కడ? 1954లో రెండు కామెట్ విమానములు సముద్రమునఁ గూలినప్పుడు ఆంగ్లేయులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. శకలములను నీటినుండి పైకిఁ దీసిరి; మఱియొక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో నుంచి మాటిమాటికి నొత్తిడి పెట్టి, లోహపుటలసటయే కారణమని కనుఁగొనిరి.

“దైవసంకల్పమును దర్కించుటకు మీరెవరండి?” అని యొక పెద్దాయన నన్నడిగెను. కారణమును వెదకుట దైవధిక్కారము గాదని మనవి చేసితిని. ఆయన నమ్మినట్లు తోఁపలేదు.

తలిదండ్రులారా! మీ బిడ్డలు విమానమెక్కి అమెరికా పోవలెనని కోరుదురు. విమానమును విప్పి చక్రముల నరయు మెకానిక్కు కావలెనని కోరినవారిని నే నింతవఱకుఁ జూడలేదు. చేతికి నూనె యంటు పని మనకుఁ జులకన. ప్రయాణికుల ప్రాణములు మాత్ర మా చేతులలోనే యున్నవి.

మన శాస్త్రపు గదిలో నేదైన విఱిగినచో, జుల్మానా వేయుటకు ముందు, అదేల విఱిగెనో ఆ బాలునిచేతనే వ్రాయింపవలెనని నా కోరిక. విఱిగిన వస్తువును బాఱవేయక యా కాగితముతోఁగూడ బల్లమీఁద నుంచినచో, తరువాతి తరగతివారు చూచి, ఆ కారణము సరియైనదో కాదో వాదించుకొందురు.