గవ్వలు ఏరుకున్నాం సరే, లెక్క ఏదీ?



సంక్రాంతి సెలవులకు ముందు మనమందరం మైపాడు బీచికి పోయినాం గదా. ఒక్కొక్కరు కవరు నిండా గవ్వలు తెచ్చుకున్నాం. చార్టు మీద అతికించి "మొలస్కా సర్వే" అని పెద్దక్షరాలతో రాసినాం. అందరూ మెచ్చుకున్నారు. కానీ నా అభిప్రాయం ఏమిటంటే అది సర్వే కాదు.

ఎందుకంటే మనం అందంగా ఉన్నవే ఏరినాం. విరిగినవి, నల్లవి వదిలేసినాం. ఏది ఎన్ని ఉన్నాయో, అల అంచున దొరికిందో పొడి ఇసుకలో దొరికిందో ఎవరమూ రాయలేదు. 1916లో మొదలైన భారత జంతు సర్వే సంస్థ వాళ్లయితే ఏ జీవి ఎక్కడ, ఏ రోజు దొరికిందో చీటీ రాసి పెడతారు. ఒడ్డున తెల్లటి నురగ బద్ద కనబడితే మనం చెత్త అని తన్నినాం. అది కటిల్ ఫిష్ ఒంట్లో ఉండే పెంకు. అదీ మొలస్కానే!

సెలవుల్లో మా అవ్వకు చెప్తే నవ్వింది. "అయ్యన్నీ చచ్చినోళ్ల ఇళ్లు గదే. బతికినోళ్లను చూసినారా?" అనింది. మేము యానాదులం. అవ్వకు సంతకం రాదు గానీ బురదలో కాలు పెడితే కింద గుల్ల ఉందో లేదో చెప్తుంది. నా ఆల్చిప్పకు గుండ్రంగా చిన్న బెజ్జం ఉంది. దండ గుచ్చడానికి ఎవరో చేసినారనుకున్నా. ఇంకో నత్త దాన్ని తొలిచి లోపలి కండ తినిందని అవ్వ చెప్పింది. సైన్సు సారును అడిగితే నిజమే అన్నారు.

శ్రీహరికోట దీవిలో కూడా మావాళ్లు ఉండేవాళ్లు. రాకెట్ కేంద్రం వచ్చినాక చాలామందిని అక్కడి నుంచి తరలించారు. అక్కడ 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. ఆ ఒడ్డున ఏ గుల్ల ఎక్కడ ఉంటుందో తెలిసిన ముసలోళ్లు పోతే ఇంక ఎవర్ని అడుగుతాం?

ఇంకో మాట సిగ్గు విడిచి చెప్తున్నా. నాలుగు రోజులు కంపు కొడితే ఎలుక చచ్చిందని గదంతా వెతికినారు గదా. అది ఎలుక కాదు. నా ట్రంకుపెట్టెలో శంఖం, దాంట్లో ఎండ్రకాయ. ఖాళీ శంఖంలో కాపురముండే రకం. నేను చూసుకోకుండా తెచ్చి చంపినా.

ఈసారి పోతే తాడుతో గడి వేసి, అందులో ఉన్నవన్నీ లెక్కబెడదాం. చచ్చినవి వేరే, బతికినవి వేరే. బతికినవాటిని అక్కడే వదిలేద్దాం. పుస్తకంలో పేరు ఒక పక్క, మన ఇళ్లల్లో పిలిచే పేరు ఒక పక్క రాద్దాం. మేడం గారు ఒప్పుకుంటే మా అవ్వను కూడా రమ్మంటా.

చార్టు మీద ఆల్చిప్పల పక్కన కొంచెం జాగా ఉంటే అవ్వ చెప్పిన మూడు పేర్లు పెన్సిలుతో రాసినా. దయచేసి ఎవరూ చెరపొద్దు.

– 9వ తరగతి విద్యార్థిని