బడి గేటుకి సాయంత్రమే తాళమెందుకు?

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. రోజు మొత్తంలో ఈ మూడు గంటలే ఎంతోమంది ఆడవాళ్ల ఉద్యోగాల్ని మింగేస్తాయని నాకనిపిస్తుంది. ప్రసూతి సెలవు గురించి మాట్లాడుకుంటాం, పసిపిల్లల క్రెష్ గురించీ మాట్లాడుకుంటాం. పిల్లాడు ఒకటో తరగతిలో చేరగానే "ఇంకేం, పెద్దాడయ్యాడుగా" అనేస్తాం. ఆ పెద్దాడికి ఆరేళ్లు. నాలుగింటికి ఇంటికొస్తే తలుపు తీసేదెవరండీ?

మా బాచుపల్లిలో డబ్బున్నవాళ్లు ఈ సమస్యని డబ్బుతో తీర్చుకుంటారు. బస్సు దిగగానే డేకేరు, ఆ తర్వాత క్లబ్‌హౌస్‌లో కరాటే, చెస్సు, అబాకస్. లేదా ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉంటుంది. (మోకాళ్ల నొప్పులతో ఆవిడ గేటు దగ్గర నిలబడి బస్సు కోసం చూడటం కూడా జీతం లేని ఉద్యోగమే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.)

డబ్బుతో తీర్చుకోలేని వాళ్ల సంగతే వేరు. మా అపార్టుమెంట్లో నాలుగిళ్లలో పనిచేసే అమ్మాయికి రెండో పూట పని మొదలయ్యేది నాలుగింటికే. ఆమె ఎనిమిదేళ్ల కొడుకు సర్కారు బడి నుంచి వచ్చేదీ అప్పుడే. వాణ్ణి చూసుకునేది ఆరో తరగతి చదివే అక్క. "అది ఉంది కాబట్టే నేను పనికి రాగలుగుతున్నానక్కా" అంటుంది తల్లి. మరి ఆ పిల్ల హోంవర్కు ఎప్పుడు చేసుకుంటుందని అడిగితే, తమ్ముడు పడుకున్నాక అంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. అంగన్‌వాడీలు 1975 నుంచీ ఉన్నాయి. పాల్నా పథకం కింద క్రెష్‌లు పెడుతున్నారు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి ఆడకూలీలున్న చోట పిల్లలకి విడిగా గది ఉండాలంది. ఈ మూడూ ఆరేళ్ల లోపు పిల్లలకే. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి బడి హక్కునిచ్చింది గానీ, ఆ హక్కు ఆఖరి గంట కొట్టేదాకానే. పదో తరగతి వాళ్లకి మాత్రం పరీక్షల ముందు సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, తినడానికి ఉడికించిన శనగలో పల్లీ బెల్లమో ఇస్తున్నారు. మంచి పని. అంటే సాయంత్రం పూట బడి తెరిచి ఉంచవచ్చని వాళ్లే చూపించారన్నమాట. మార్కులొచ్చే ఏడాదికేనా ఈ భాగ్యం?

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉందిగా అంటారేమో. బాగానే ఉంది. కానీ ఇక్కడ బడి వదిలిన పిల్ల అంతదూరం వెళ్లి చీకటి పడేలోగా తిరిగొస్తుందా?

"డబ్బెక్కణ్ణించి తెస్తారు?" అన్నారు మావారు. మనం ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం, పన్నులో రూపాయికి 8 పైసలు. ఆ డబ్బుతో ప్రతి సర్కారు బడిలో సాయంత్రం ఒక పఠన గది నడపకూడదా? ఇక్కడ లేస్తున్న ప్రతి టవరు నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సుగా జమ కావాలి. ఆ టవర్లు కట్టే తాపీమేస్త్రీల పిల్లలు చదివేది ఈ బళ్లలోనే కదా.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది. 2025 జులైలో అక్కడి ఫెడరల్ ప్రభుత్వం బడి తర్వాతి కార్యక్రమాలకిచ్చే నిధులు ఆపేస్తే రాష్ట్రాలూ తల్లిదండ్రులూ గోలపెట్టారు, ఆ నెల్లోనే వదిలారు. మనం అసలు అడగడమే మొదలుపెట్టలేదు.

మనలాంటి వాళ్లమే వెళ్లి పాఠాలు చెప్పొచ్చుగా అంది మా పక్కింటావిడ. తప్పకుండా వెళ్దాం. కానీ నా సంగతి నాకు తెలుసు. ఇంటికి చుట్టాలొస్తే నాలుగు రోజులు మానేస్తాను, పండగొస్తే వారం. నా తీరికని బట్టి ఆ పిల్లల సాయంత్రాలు నడవకూడదు. అందుకే జీతమిచ్చి మనిషిని పెట్టమంటున్నాను. గౌరవ వేతనం అనే పేరు పెట్టి అంగన్‌వాడీ టీచరు నెత్తిన ఇంకో పని వేయడం కాదు, ఆ బస్తీలోనే చదువుకున్న ఇద్దరు ఆడవాళ్లకి సరైన జీతం.

ఇంకో ట్యూషన్ కూడా వద్దు. కాస్త తిండి, ఆట, పుస్తకాలు, లైటు వెలిగే బాత్‌రూమ్, ఏడింటిదాకా గేటు దగ్గర ఒక మనిషి. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లల్ని ఆధార్ లేదని వెనక్కి పంపకూడదు. ముఖ్యంగా ఆ ఆరో తరగతి పిల్ల తమ్ముణ్ణి వెంటేసుకొచ్చినా రానివ్వాలి. వాణ్ణి రానివ్వకపోతే ఆమె కూడా రాదు.

2024లో ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, బళ్ల మరమ్మతులు మహిళా సంఘాల చేతుల్లో పెట్టింది. గోడలకి సున్నం వేయించగలిగిన ఆ అమ్మలకే తాళంచెవి కూడా ఇవ్వమని అడుగుదాం. మీ వార్డులో ఆ కమిటీలో ఎవరున్నారో ముందు కనుక్కోండి, నేనూ కనుక్కుంటున్నాను.